మస్టరులో మన పేరుందా?

(కొత్త లేబర్ కోడ్‌లపై బళ్ళారిలో మిల్లు, జీన్స్ కార్మికుల తరగతిలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. జుట్టులో దూది కూడా దులుపుకోకుండా కూర్చున్నారు. అందుకని సెక్షన్ల నంబర్లు చదివి మిమ్మల్ని నిద్రపుచ్చం. అసలు సంగతికి వస్తాం.

కేంద్ర ప్రభుత్వం 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కనీస వేతనాల చట్టం, బోనస్ చట్టం, గ్రాట్యుటీ చట్టం, ఇంకా ఇలాంటివి మొత్తం 29 చట్టాలు కలిపి నాలుగు కట్టలు కట్టారు. వేతనాల కోడ్‌ను పార్లమెంటు 2019లో ఆమోదించింది. పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, పనిస్థలంలో భద్రత అనే మిగతా మూడూ 2020లో ఆమోదం పొందాయి. అన్నీ ఏళ్ళ తరబడి బీరువాలో ఉండి ఒక్కరోజున బయటికి వచ్చాయి.

"ఇందులో మాకు వచ్చిందెంత, పోయిందెంత?" అని గేటు దగ్గర అందరూ అడుగుతున్నారు. ప్రభుత్వ ప్రకటనలు చూస్తే అంతా వచ్చినట్టే ఉంటుంది. కొన్ని కరపత్రాలు చూస్తే అంతా పోయినట్టే ఉంటుంది. ఆ కరపత్రాల్లో మేము వేసినవీ ఉన్నాయి, ఒప్పుకోవాలి. అసలు జవాబు గేటుకో రకంగా ఉంది. మీ గేటు లోపల ఎంతమంది పని చేస్తున్నారు, అందులో ఎంతమంది పేర్లు మస్టరులో ఉన్నాయి, అన్నదాన్ని బట్టి మీకు వచ్చిందో పోయిందో తేలుతుంది. ఈ కోడ్‌లలో చాలా హక్కులు తలల లెక్క మీద నడుస్తున్నాయి. ఆ లెక్కలే మారాయి.

మొదట ఫ్యాక్టరీ అంటే ఏమిటో చూడండి. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట పదిమంది, కరెంటు లేని చోట ఇరవైమంది పని చేస్తే అది ఫ్యాక్టరీ. ఇప్పుడు కరెంటుంటే ఇరవై, లేకుంటే నలభై. పెద్ద స్పిన్నింగ్ మిల్లులో రింగు ఫ్రేముల దగ్గరే అంతకంటే ఎక్కువమంది ఉంటారు కాబట్టి వాళ్ళకు ఇది పట్టదు. కానీ మన బళ్ళారి సంగతి వేరు. కౌల్ బజారు సందుల్లో ఒక గదిలో పన్నెండు మిషన్లు, పక్క గదిలో కాజాలు, బటన్లు, మేడమీద దారాలు కత్తిరించే ఆడవాళ్ళు. పద్దెనిమిదిమంది ఉన్న షెడ్డు నిన్నటిదాకా ఫ్యాక్టరీ. ఇప్పుడు కాదు. పదిమంది దాటారు కాబట్టి కొత్త కోడ్ దాన్ని 'సంస్థ' అంటుంది. కొన్ని బాధ్యతలు యజమానికి ఉంటాయి. కానీ ఫ్యాక్టరీకి ఉండే లైసెన్సు, తనిఖీ వేరు, దీనికి ఉండేవి వేరు.

ఇప్పుడు ఒక షెడ్డుకు రెండు బోర్డులు ఎందుకు వేలాడతాయో మీకు అర్థమై ఉంటుంది. మాకు తెలిసిన ఒక చోట ముప్ఫై నాలుగుమంది ఒకే తలుపులోంచి లోపలికి వెళ్తారు. కరెంటు మీటరు ఒకటి, మేస్త్రీ ఒకడు, కూలి పంచే చెయ్యి ఒకటి. కాగితం మీద మాత్రం రెండు కంపెనీలు, ఒక్కోదాంట్లో పదిహేడుమంది. అడిగితే "ఒకటి మా బావమరిదిది" అన్నారు. ఆ బావమరిది ముఖం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

కాంట్రాక్టు కార్మికుల లెక్క ఇరవై నుంచి యాభైకి పెరిగింది. యాభైకి తక్కువమందిని పెట్టుకుంటే కాంట్రాక్టు కార్మికుల గురించి కోడ్‌లో చెప్పిన నియమాలు వర్తించవు. మిల్లు ప్రధానమైన పనిలో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని కొత్త కోడ్ చెప్పిన మాట నిజమే. దానికి మినహాయింపులూ ఉన్నాయి, అదీగాక అది కూడా ఆ యాభై లెక్క లోపలి మాటే. నలభై అయిదుమందితో ఒక కాంట్రాక్టరు, నలభైమందితో ఇంకో కాంట్రాక్టరు వస్తే ఎందుకు వచ్చారో ఆలోచించండి.

ఇక మూడో లెక్క మిల్లు కార్మికులకు అన్నిటికంటే పెద్దది. లే-ఆఫ్ చేయాలన్నా, రిట్రెంచ్ చేయాలన్నా, మిల్లు మూయాలన్నా పాత చట్టం ప్రకారం వందమంది ఉన్న చోట ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇప్పుడు మూడు వందలమంది ఉంటేనే కావాలి. ఈ మూడు వందలు కొత్త అంకె కాదు. 1976లో ఈ నిబంధన మొదట తెచ్చినప్పుడు అంకె మూడు వందలే. కార్మికోద్యమం ఒత్తిడితో 1982లో చట్టం సవరించి వందకు దించారు, అది 1984లో అమలుకు వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ పాత చోటికే తెచ్చారు.

అయితే మూడు వందలకు తక్కువ ఉన్నారని యజమాని రాత్రికి రాత్రి తాళం వేసి పోవచ్చని అనుకోకండి. అనుమతి అక్కర్లేదు గానీ డబ్బు ఎగ్గొట్టే హక్కు మాత్రం అతనికి లేదు. ఏడాది సర్వీసు ఉన్న కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే నెల ముందు నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. ప్రతి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం చొప్పున నష్టపరిహారం కట్టాలి. చివర చేరినవాణ్ణి ముందు తీయాలన్న పద్ధతి అలాగే ఉంది. యాభైమంది ఉన్న చోట మూసివేతకు అరవై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొత్తగా, తీసేసిన ఒక్కో కార్మికుడి పేరున పదిహేను రోజుల జీతం యజమాని వేరే నిధిలో జమ చేయాలి. అది కార్మికుడి ఖాతాకు రావాలి. ఇదంతా మస్టరులో పేరు ఉన్నవాడికి. లేనివాడు ఏ సర్వీసు చూపిస్తాడు?

ఇప్పుడు సమ్మె గురించి. ఇక్కడ మేము కొంచెం నిలబడి మాట్లాడాలి. హక్కులకు ఇరవై అన్నారు, యాభై అన్నారు, మూడు వందలు అన్నారు. సమ్మెకు పెట్టిన ఆంక్షకు అలాంటి గీత ఏమీ గీయలేదు. పాత చట్టంలో రైల్వే, నీళ్ళు, కరెంటు లాంటి ప్రజావసర సేవల్లోనే సమ్మెకు ముందస్తు నోటీసు తప్పనిసరి. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు నడుస్తుంటే సమ్మె చేయకూడదు. చర్చలు ముగిసిన తర్వాత కూడా ఏడు రోజులు ఆగాలి. సగంమంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. చట్టవిరుద్ధమైన సమ్మె చేస్తే వెయ్యి నుంచి పదివేల రూపాయల జరిమానా, నెలదాకా జైలు, లేదా రెండూ.

జీన్స్ కుట్టేవాళ్ళకు ఇది ఎక్కడ తగులుతుందో చెప్పాలా? దీపావళి సీజనులో ఆర్డరు మీద ఆర్డరు ఉన్నప్పుడే పీసు రేటు పెంచమని అడుగుతాం. మిషన్లు ఆపితేనే మాట వింటారు. పద్నాలుగు రోజులు ఆగితే సరుకు లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. కాబట్టి ఇకమీదట సీజను మొదలు కాకముందే రేట్ల కోరికల పత్రం రాసి ఇవ్వాలి. కోపం వచ్చినరోజే పని ఆపడం మనకు అలవాటు. ఆ అలవాటు మార్చుకోక తప్పదు.

దీనితోపాటే ఇంకోటి ఉంది. మస్టరులో ఉన్న కార్మికుల్లో 51 శాతం ఏ యూనియన్‌లో ఉంటే, యాజమాన్యం దానితోనే బేరసారాలు మాట్లాడుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే ఇరవై శాతానికి ఒక ప్రతినిధి చొప్పున మండలి వేస్తారు. పాత మిల్లు కార్మికులకు బొంబాయి గుర్తుండే ఉంటుంది. 1982 జనవరి 18న మొదలైన అక్కడి మిల్లుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది దత్తా సామంత్ వెంట నడిచారు. అయినా చట్టం గుర్తించిన యూనియన్ వేరే ఉండటంతో అధికారికంగా బల్ల దగ్గర కూర్చునే హక్కు ఆయనకు దక్కలేదు. జనం ఒకవైపు, కాగితం ఒకవైపు ఉంటే ఏమవుతుందో అక్కడ చూశాం. ఇక్కడ కూడా మస్టరులో లేనివాళ్ళు మన జెండా కింద వందమంది నిలబడినా 51 శాతం లెక్కలోకి రారు.

వచ్చినవి కూడా చెప్పాలి. చెప్పకపోతే మీరు అడగరు, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

కనీస వేతనం ఇదివరకు ప్రభుత్వం జాబితాలో పెట్టిన పనులకే ఉండేది. ఇప్పుడు పదిమంది, ఇరవైమంది అన్న లెక్క లేకుండా అందరికీ వర్తిస్తుంది. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపల చేతికి రావాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. ఓవర్‌టైముకు రెట్టింపు రేటు. బాకీ జీతం కోసం మూడేళ్ళ లోపల ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడాదిలో 240 రోజులు పని చేస్తే వచ్చే జీతంతో కూడిన సెలవు ఇప్పుడు 180 రోజులకే వస్తుంది. క్యాంటీను 250 మందికి బదులు వందమంది ఉన్నచోటే పెట్టాలి, ఆ వందలో కాంట్రాక్టు కార్మికులనూ లెక్కించాలి. ఈ.ఎస్.ఐ.కి పదిమంది, పి.ఎఫ్.కి ఇరవైమంది అన్న లెక్కలు మారలేదు.

ఏడాదికోసారి ఉచిత వైద్య పరీక్ష అన్నారు. ఏ వయసువాళ్ళకన్నది నియమాల్లో ఉంటుంది. బ్లో రూములో, కార్డింగులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు దీన్ని వదులుకోకండి. సెలవు తర్వాత సోమవారం డ్యూటీకి రాగానే ఛాతీ పట్టేసినట్టుంటే అది జలుబు కాకపోవచ్చు. దూది ధూళి వల్ల వచ్చే బిస్సినోసిస్ అలాగే మొదలవుతుంది. అది చట్టం గుర్తించిన వృత్తిరోగం.

జీతం లెక్కలో ఒక మార్పు ఉంది, దీన్ని అంకెలతో చూద్దాం. సులువుగా తేలడానికి మొత్తం జీతం 26,000 అనుకోండి. మనలో అంత వచ్చేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. బేసిక్, డి.ఏ. కలిపి 10,000, మిగతా 16,000 రకరకాల అలవెన్సులు. కొత్త కోడ్ ప్రకారం అలవెన్సులు సగం దాటకూడదు. దాటిన 3,000 వేతనంలో కలుస్తుంది, వేతనం 13,000 అవుతుంది. పదేళ్ళ సర్వీసుకు గ్రాట్యుటీ పాత లెక్కలో 57,692 రూపాయలు, కొత్త లెక్కలో 75,000. పి.ఎఫ్. పూర్తి వేతనం మీద కడుతుంటే మీ కోత 1,200 నుంచి 1,560 అవుతుంది. చేతికి 360 తగ్గుతుంది. యజమాని కూడా మరో 360 మీ ఖాతాలో వేయాలి. "కోడ్ వచ్చి మీ జీతం తగ్గించింది" అని ఆఫీసులో ఎవరైనా అంటే యజమాని వాటా ఎక్కడ పడిందని అడగండి.

'ఫిక్స్‌డ్ టర్మ్' అనే మాట కూడా మీ చెవిన పడుతుంది. ఏడాదికో, రెండేళ్ళకో గడువు రాసి పనిలోకి తీసుకోవడం. పర్మనెంటువాళ్ళతో సమానంగా జీతం, సదుపాయాలు ఇవ్వాలి. ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది, అయిదేళ్ళు ఆగనక్కర్లేదు. అంతవరకు బాగానే ఉంది. గడువు తీరి పంపించేస్తే మాత్రం అది రిట్రెంచ్‌మెంట్ కాదు, నష్టపరిహారం లేదు. పర్మనెంటు కార్మికుడి చేత ఈ కాగితం మీద సంతకం పెట్టించుకునే ప్రయత్నం జరిగితే పెట్టకుండా యూనియన్‌కు చెప్పండి.

సరిహద్దు అవతలి నుంచి వచ్చే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఒక మాట. 1953 అక్టోబర్ 1 దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివే. మీ తాతలు సొంత జిల్లాలో పనికి వచ్చారు. మీరు వస్తే చట్టం దృష్టిలో అంతర్రాష్ట్ర వలస కార్మికులు. ఈ పేరుతో ఒక ప్రయోజనం ఉంది. పాత చట్టం కాంట్రాక్టరు తెచ్చినవాళ్ళనే లెక్కించేది. కొత్త కోడ్ తనంతట తాను వచ్చి పనిలో చేరినవాణ్ణి కూడా లెక్కిస్తుంది, నెలకు 18,000 లోపు జీతం ఉంటే. ఏడాదికోసారి సొంతూరికి వెళ్ళిరావడానికి ఛార్జీలు యజమాని ఇవ్వాలి. నష్టం కూడా ఉంది. అయిదుగురు వలస కార్మికులు ఉంటే వర్తించే రక్షణ ఇప్పుడు పదిమంది ఉంటేనే వర్తిస్తుంది. కనీస వేతనం మాత్రం పనిచేసే చోటుదే, కర్ణాటక రేటే అడగాలి.

మన మిల్లులకు ఈ కోడ్‌ల కింద నియమాలు చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వం. కొత్త నియమాలు వచ్చేదాకా, కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత నియమాలు నడుస్తాయి. "పాత చట్టం పోయింది, కొత్తది రాలేదు, మధ్యలో మీకేమీ లేదు" అని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

చివరికి చేయవలసిన పని. పదిమంది దాటిన ప్రతి చోటా యజమాని ప్రతి ఒక్కరికీ నియామకపత్రం ఇవ్వాలని కోడ్ చెబుతోంది. కొత్తవాళ్ళకే కాదు, ఇన్నాళ్ళూ కాగితం లేకుండా పనిచేసినవాళ్ళకు కూడా. దాని మీద మీరు చేరిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. ఇరవై ఏళ్ళుగా పనిచేసేవాళ్ళకు మొన్నటి తేదీ వేసి ఇస్తే ఇరవై ఏళ్ళ గ్రాట్యుటీ, సర్వీసు అక్కడే పోతాయి. కన్నడలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండి అర్థం కాకపోతే సంతకం పెట్టకముందే యూనియన్ ఆఫీసుకు తీసుకురండి, తెలుగులో చదివి చెబుతాం. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టకండి.

వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటాం. వచ్చేటప్పుడు జీతం చీటీ, ఈ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. నంబరు తెచ్చుకోండి. జీతం చీటీ లేనివాళ్ళు ఒక తెల్లకాగితం మీద మీ షెడ్డులో ఎంతమంది పని చేస్తున్నారో, బోర్డులు ఎన్ని ఉన్నాయో, కూలి ఎవరి చేతి నుంచి వస్తోందో రాసుకుని రండి. ఇంట్లో దారాలు కత్తిరించే ఆడవాళ్ళను కూడా ఆ లెక్కలో రాయండి.