ఆడపిల్లలకూ ఆటస్థలం కావాలి: రగ్బీ గురించి కొన్ని మాటలు

(తల్లులు, ఉపాధ్యాయినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో రగ్బీ గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారట. మన పిల్లలకి కబడ్డీ ఆడుకోవడానికే జాగా లేదు, ఈ దొరల ఆట మనకెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. దొరల ఆటే ఇది. 1870లలో కలకత్తాలో తెల్లవాళ్ల రగ్బీ క్లబ్బు ఒకటుండేది. అది మూతపడినప్పుడు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే. మన రూపాయలు అలా కరిగి అక్కడికి చేరాయి.

అదే బెంగాలులో, జల్పాయిగురి జిల్లా సరస్వతీపూర్ తేయాకు తోటలో, ఇప్పుడు కూలీల కూతుళ్లు రగ్బీ ఆడుతున్నారు. చాలామంది ఆదివాసీ పిల్లలు. 2013 ప్రాంతంలో కలకత్తా నుంచి వచ్చిన శిక్షకులు అక్కడి పిల్లలకి ఈ ఆట నేర్పడం మొదలుపెట్టారు. తోటలో ఆకు కోయడమో, చిన్న వయసులో పెళ్లో తప్ప వేరే దారి కనిపించని చోటు నుంచి కొందరు భారత జట్టు దాకా వెళ్లారు. బీహారులో బాఢ్ దగ్గరి పల్లెలో పుట్టిన స్వీటీ కుమారి మొదట పరుగుపందేల పిల్ల. 2019లో మహిళా రగ్బీకి సంబంధించిన ఒక అంతర్జాతీయ వెబ్‌సైట్ ఆమెను ఆ ఏటి ఉత్తమ యువ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అదే ఏడాది జూన్‌లో మన మహిళల పదిహేనుగురి జట్టు సింగపూర్‌ని ఓడించి తన మొదటి అంతర్జాతీయ విజయం సాధించింది.

ఆట ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని అవతలి గీత దాటి నేలకి తాకించాలి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. అంటే బంతి ఉన్న పిల్ల ఎంత వేగంగా పరుగెత్తినా, వెనకవాళ్లు వచ్చి అందుకోకపోతే లాభం లేదు. ఎదుటివాళ్లు నడుమో కాళ్లో పట్టి పడేస్తారు. కబడ్డీలో పట్టు పట్టడం తెలిసిన మన పిల్లలకి ఇది కొత్తేం కాదు. లావుగా ఉందని వెక్కిరింతలు పడే పిల్లకి ముందు వరుసలో చోటుంది, పొట్టి పిల్లకి బంతి అందించే చోటుంది. ఇన్ని రకాల శరీరాలకి పని ఇచ్చే ఆటలు తక్కువ.

ఇక్కడే అసలు విషయం. పదేళ్ల దాకా మగపిల్లలతో సమానంగా గెంతిన పిల్ల, పెద్దమనిషి కాగానే ఒక్కసారిగా ముడుచుకుపోవడం నేర్చుకుంటుంది. భుజాలు దగ్గరికి తీసుకుని నడవమంటాం. గట్టిగా అరవొద్దంటాం. కింద పడితే 'మచ్చ పడితే నిన్నెవరు చేసుకుంటారే' అంటాం. ఆ మాట మన నోటినుంచే వస్తుంది. పితృస్వామ్యం ప్రతి ఇంటికీ స్వయంగా రానక్కర్లేదు, ఆ పని మనమే చేసిపెడుతున్నాం. పడి, దుమ్ము దులుపుకుని లేచిన పిల్లకి తన శరీరం మీద వచ్చే నమ్మకం పుస్తకం చదివితే రాదు.

దెబ్బల భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. ఇంగ్లండులో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి పడేయడం ఉండదు. నడుముకి కట్టిన పట్టీలోంచి రిబ్బను లాగితే పట్టినట్టే లెక్క. మనమూ అక్కడే మొదలుపెట్టాలి, పాత చీర పీలికలు చాలు. పడేయడం నేర్పేవాళ్లు తర్ఫీదు పొందినవాళ్లై ఉండాలి. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా పిల్లను వెంటనే బయటికి తీసుకురావాలి, ఆ రోజు మళ్లీ దించకూడదు. బ్రిటన్‌లో 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటివాళ్లు కనీసం 21 రోజుల దాకా పోటీలో దిగకూడదు. 'ఏం కాదులే, ఆడు' అనే శిక్షకుడి దగ్గరికి మన పిల్లల్ని పంపొద్దు.

ఇంకో భయం గురించి కూడా బాహాటంగా మాట్లాడుకోవాలి. 2023లో మల్లయోధురాళ్లు ఢిల్లీ రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది ఎందుకో మనందరికీ తెలుసు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం క్రీడాసంస్థలకీ, స్టేడియాలకీ వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఆడపిల్లల్ని ఆట మాన్పించడం దీనికి పరిష్కారం కాదు. మైదానంలో ఒక స్త్రీ ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో పిల్లలకి ముందే తెలియాలి.

అసలు స్త్రీలకి ఈ ఆటని ఎవరూ పిలిచి ఇవ్వలేదు. 1991లో వేల్స్‌లో మొదటి మహిళా ప్రపంచ కప్పును స్త్రీలే నడిపారు. అంతర్జాతీయ బోర్డు గుర్తింపు లేదు. సోవియట్ జట్టు చేతిలో డబ్బుల్లేక వెంట తెచ్చుకున్న వోడ్కా సీసాలు అమ్ముకుంది! 2025లో అదే కప్పు ఫైనల్ చూడటానికి లండన్‌లో 81,885 మంది వచ్చారు.

మన దగ్గర చట్టం లేకపోలేదు. 1979 నాటి మహిళా వివక్షా నిర్మూలన ఒడంబడిక, ఆటల్లో స్త్రీలకి సమాన అవకాశం ఉండాలంటుంది. మన దేశం దాన్ని 1993లో ఆమోదించింది. బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆడుకోవడాన్ని హక్కుగా చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆడపిల్లలకి విడిగా మరుగుదొడ్డి ఉండాలంటుంది. ఆ మరుగుదొడ్డిలో నీళ్లు లేకపోతే నెలకి నాలుగైదు రోజులు మన పిల్ల ఆటకి రానట్టే.

అదే చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. మీలో కొందరు ఆ సభ్యులే. సంతకం పెట్టి రావడం కాకుండా, వచ్చే సమావేశంలో ఈ మూడూ అడగండి. వారానికి రెండు సాయంత్రాలు మైదానం పూర్తిగా ఆడపిల్లలకి. చీకటి పడకముందే ముగించడం. ఒక ప్రథమ చికిత్స పెట్టె. రగ్బీ బంతి దొరికేదాకా ఏ బంతైనా సరే. మగపిల్లల క్రికెట్ ఆగిపోతుందని ఎవరైనా అంటే, మిగతా అయిదు రోజులూ వాళ్లవేనని చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.