బర్రె వట్టిపోతుంది, వాయిదా వట్టిపోదు

పట్టాలు అందుకున్న పశువైద్యులకు అభినందనలు. మర్యాదలు ఇంతటితో చాలు. ధర్మసాగర్‌లో సాయంత్రం పాలు పిండే వేళకు నేను ఇల్లు చేరాలి.

బ్యాంకు అప్పుతో నాలుగు ముర్రా బర్రెలు తెచ్చి పాడి మొదలుపెట్టిన మనిషిని నేను. మొదటి ఏడాది పాల బిల్లు చూసి ఊరంతా మెచ్చుకుంది. మరుసటి ఏడాది రెండు బర్రెలు వట్టిపోయాయి. బర్రె వట్టిపోతుంది గానీ బ్యాంకు వాయిదా వట్టిపోదని అప్పుడే తెలిసింది. రెండింటి పాలతో నాలుగింటికి గడ్డి, తవుడు, చెక్క కొనాలి. మన కూలి మాట ఎవరూ లెక్కలో రాయరు.

పాల ధర కోసం కొట్లాడాల్సిందే. 2002లో ములుకనూరు మహిళలు సొంత సహకార డెయిరీ పెట్టుకున్నది అందుకే. విజయ డెయిరీకి పోసే పాలకు ప్రభుత్వం లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించిందీ అందుకే. కానీ నా దిగులు వేరే. ఎద!

నవ్వకండి. మీ జీతం అక్కడే ఉంది. బర్రె ఎద ఆవు ఎదలా బయటపడదు. ఎండాకాలంలో మరీ మూగ ఎద. ఒక్కసారి తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. వట్టి బర్రె మేతకు రోజుకు 150 రూపాయలు వేసుకున్నా 3,150. ఆ 4 రూపాయల ప్రోత్సాహకంతో అది పూడాలంటే దాదాపు 790 లీటర్లు పోయాలి! మందుల చీటీ రాయడం వచ్చిన మీకు ఈ లెక్క కూడా రావాలి.

మీరేమో పది గంటలకు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "ఎదకు వచ్చిందా?" అని ఇంటి యజమానిని అడుగుతారు. ఆయనకేం తెలుసు బిడ్డా! తెల్లవారుజామున పేడ తీసే అమ్మను అడగండి. తోక కింద తీగలా సాగే జిగట చూసేది ఆమె. పొద్దున చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున గర్భధారణ సూది వేయించాలని ఆమెకే చెప్పండి. తేదీ గోడ మీద బొగ్గుతో రాయించండి. చూలు నిలిచిందో లేదో మూడో నెలలో మీరే వెళ్లి చెయ్యి పెట్టి చూడండి. ఫోన్‌లో చూలు తేలదు.

రోగం నయం చేస్తే రైతు దండం పెడతాడు. బర్రె ఏటా ఈనేలా చూస్తే అప్పు తీరుస్తాడు. దండాల కోసం కాదు, ఆ అప్పు తీరడం కోసం పని చేయండి. ఇక వెళ్లి భోజనాలు చేయండి. పెరుగు గట్టిగా ఉందో లేదో చూసి మరీ తినండి.