నోరు పలుకని వేళకు ముందుమాట



భారతమందలి భీష్మపర్వమున ఒక చిన్న ఘట్టము గలదు. అంపశయ్యపై నొరిగిన భీష్మునికడకు, శల్యములు పెరుకుటలో నేర్పరులైన వైద్యులను దుర్యోధనుడు రప్పించెను. పితామహుడు వారిని నిందింపలేదు. ధనమిప్పించి, సత్కరించి పంపివేయు మనెను. పురాణశ్రవణమున ఈ ఘట్టమును త్వరగా దాటిపోవుట పరిపాటి. అర్జునుడు నీరు తెప్పించిన కథకే చప్పట్లు!

భీష్మునకు చెప్పుటకు నోరున్నది. స్మృతి తప్పి, గొంతున గొట్టముతో, యంత్రము ఊపిరి పోయుచుండగా పడియున్నవాని మాట ఎవరు చెప్పవలెను? పెద్దకొడుకు చాలునన్నచో ఆస్తికై అనెనందురు. చిన్నవాడు ఇంకను చూతమన్నచో ఎకరము అమ్ముడుపోవును. ఇల్లాలిని అడుగువారే యుండరు. తండ్రి పోయిన పిమ్మట పలుకరించుకొనని అన్నదమ్ములు అరుదు కారు.

ముంబయిలో అరుణా శాన్‌బాగ్ అను నర్సు 1973లో దౌర్జన్యమునకు గురియై తెలివి కోల్పోయి, 2015లో కన్నుమూయువరకు 41 ఏండ్లకు పైగా ఆసుపత్రి మంచముననే యుండెను. 2011లో సుప్రీంకోర్టు ఆమెను సాకిన సిబ్బంది మాటను గైకొనెను. ఆమె మాట వినుటకు మార్గమే లేకపోయెను.

2018 మార్చి 9న ఆ న్యాయస్థానమే, గౌరవముతో మరణించుట జీవించు హక్కులోని భాగమని చెప్పి, ముందుగా వ్రాసియుంచు పత్రమునకు చెల్లుబాటు కల్పించెను. నాడు మేజిస్ట్రేటు సంతకము కావలెననిరి. అది కష్టసాధ్యమగుటచే 2023 జనవరిలో సడలించిరి. ఇప్పుడు ఇద్దరు సాక్షులును, నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని చాలును. తన మాట చెప్పదగిన ఆప్తులను ఒకరికంటె ఎక్కువమందిని పేర్కొనవచ్చును. ఒక ప్రతిని పంచాయతీ నియమించు అధికారికడ ఉంచవలెను. మనసు మారినచో వ్రాతమూలముగా ఎప్పుడైనను రద్దుచేయవచ్చును.

తెలివి యున్నంతవరకు ఆ పత్రమునకు పనిలేదు. కోలుకొను ఆశ లేదని ఆసుపత్రి వైద్యమండలియు, దానిపై మరియొక మండలియు తేల్చినగాని అమలు కాదు. విషమిచ్చి చంపుట ఇందు లేదు, అది నేరమే. నొప్పి తగ్గించు మందు తుదివరకు ఉండవలసినదే.

అరసెంటు దొడ్డికై సాక్షులను పిలిచి వీలునామా వ్రాయించువాడు, తన శరీరమునుగూర్చి ఒక్క పంక్తి వ్రాయింపడు. అశుభమట! వీలునామా వ్రాసినవారందరు మరునాడే పోవుచున్నారా?

అయితే పత్రముకంటె ముందు ఇంటిలో మాట జరుగవలెను. యంత్రముపై నుంచవలదని ఒకరనవచ్చును. మనుమరాలి పెండ్లివరకు ఏమైనను చేసి బ్రతికింపుడని మరొకరనవచ్చును. రెండును వ్రాయదగినవే. ఇల్లాలిని కూడ అడుగవలెను. ఆమెకు వేరొక పత్రము వ్రాయించవలెను. భర్త పత్రము క్రింద ఆమెచేత వ్రేలిముద్ర వేయించిన చాలదు.