షెకెములో చేజారిన మాట

ఈ దినము మన ధ్యానమునకు 1 రాజులు 12వ అధ్యాయము తీసుకుందాము.

సొలొమోను మరణించిన తరువాత ప్రజలు షెకెములో రెహబామునొద్దకు వచ్చారు. తిరుగుబాటు చేయడానికి రాలేదు. కాడి కొంచెము తేలిక చేస్తే సేవిస్తామని చెప్పుకున్నారు. పెద్దలు మెత్తగా మాట్లాడమన్నారు. తనతో పెరిగిన యౌవనులు కఠినముగా మాట్లాడమన్నారు. రాజు యౌవనుల మాటే విన్నాడు. రాజ్యము రెండైపోయింది. గమనించండి, అడిగినవారిది మితమైన కోరిక. ఏలేవానిది మితము తప్పిన మాట.

మన రాష్ట్రము రెండైన రోజులు మీకు జ్ఞాపకమే. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో విభజన బిల్లు పెట్టే వేళ అప్పటి మన విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ గారు పెప్పర్ స్ప్రే చల్లారు. సభ్యులు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. కొందరిని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆత్మరక్షణ కొరకే చల్లానని ఆయన చెప్పారు. 18న లోక్‌సభ బిల్లును ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ ఘాటు దేనినీ ఆపలేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకుంటాను. ఆ సాయంత్రము టీవీ ముందు కూర్చుని, "మనవాడు గట్టివాడే" అని నేను నవ్వాను. ఆదివారము ఆరాధన అయ్యాక మా సంఘములోని ఒక పెద్దమ్మ నన్ను ఆపింది. ఆమె కూతురిని ఖమ్మం జిల్లాలో ఇచ్చారు. "అయ్యగారూ, రాష్ట్రం ముక్కలవుతుంటే నాకూ కడుపు మండిపోతోందండి. కాని అక్కడ కళ్లు మండినోళ్లు కూడా ఒక తల్లి బిడ్డలే గదండి. వాళ్ల కోసం ప్రార్థన చేయలేదేంటండి?" అని అడిగింది. సెమినరీలో చదివిన చదువంతా ఆమె ముందు మూగబోయింది.

ప్రియులారా, బాధ రెండు వైపులా నిజమే. బందులు జరిగాయి, సమ్మెలు జరిగాయి. అయినా బెజవాడనుండి సికింద్రాబాదు వెళ్లే సాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో రెండు ప్రాంతాలవారు పక్కపక్కనే కూర్చుని పులిహోర పంచుకోవడము నేను చూశాను. మరి మనము ఇంత సర్దుకుపోయేవారమైతే మన ప్రతినిధులు ఎందుకంత ఘాటుగా ఉంటారు? ఓటు మనది, టికెట్టు ఇచ్చేది పార్టీ. కేక వేసినవాని మీదికి కెమెరా తిరుగుతుంది. సర్ది చెప్పినవాని పేరు పేపరులో రాదు. పైగా ఇంట్లో మెత్తగా ఉండే మనమే ఆ కేకకు చప్పట్లు కొడతాము. రెహబాము పక్కనున్న యౌవనులు ఎవరో కాదు, ఆనాడు టీవీ ముందు నవ్విన నేనే.

అధ్యాయము అక్కడితో ముగియలేదు. రెహబాము లక్ష ఎనుబది వేలమందిని యుద్ధమునకు సమకూర్చినప్పుడు, సహోదరులతో పోరాడవద్దని దేవుడు షెమయా ద్వారా సెలవిచ్చాడు. వారు ఆ మాట విని ఇండ్లకు తిరిగిపోయారు. రాజ్యము మరల ఒకటి కాలేదు. కాని ఆ దినమున రక్తము కారలేదు.

ఈ వారము మూడు పనులు చేద్దాము. ఎదుటి పార్టీవారిని తిట్టే వీడియో ఫోనులోకి వస్తే మన దగ్గరే ఆపుదాము. మన ఎమ్మెల్యే, ఎంపీ కలిసినప్పుడు శాలువాతో పాటు, "అయ్యా, మా కొరకు గట్టిగా అడగండి, మర్యాదగా అడగండి" అని చెబుదాము. 1 తిమోతి 2వ అధ్యాయము నేర్పినట్లు అధికారులందరి కొరకు, మనము ఓటు వేయనివారి కొరకు కూడ, ప్రార్థిద్దాము.

ఆ తల్లి ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నది. ఆమె అడిగిన ప్రార్థన నేను ఆలస్యముగా మొదలుపెట్టాను; మీరు ఆలస్యము చేయకండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.