దుకాణం కంటే ముందు గ్రంథాలయం



పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీలో చాలామంది ఉద్యోగాలకు వెళ్తారు. కొందరు మాత్రం ఈ చల్లపల్లి చుట్టుపక్కలే సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ల కోసం.

వ్యాపారం అనగానే పెట్టుబడి ఎక్కణ్ణుంచి తేవాలా అని దిగులు పడతాం. దానికంటే ముందు కావలసింది సమాచారం. మినుములను పప్పు చేసే చిన్న యంత్రం తయారుచేద్దామనుకున్నారనుకోండి. అలాంటిది ఇదివరకే ఎవరైనా చేశారా? దానికి పేటెంట్ ఉందా? దరఖాస్తు చేసిన నాటి నుంచి పేటెంట్ ఆయుష్షు 20 ఏళ్లు. గడువు తీరిన ఆలోచనను ఎవరైనా వాడుకోవచ్చు. మన పేటెంట్ కార్యాలయం రికార్డులను ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలూ ఉచితంగా దొరుకుతాయి. మినుము రకాల సంగతి చెప్పడానికి పక్కనే ఘంటసాల వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఏది ఎక్కడుందో, ఎలా వెతకాలో దగ్గరుండి నేర్పే మనిషే మనకు కరువు. ఆ పని మన కాలేజీ లైబ్రేరియన్ చేయగలరు.

ఈ గడ్డకు గ్రంథాలయ సంప్రదాయం ఉంది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో అక్కడే అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్టు ఊళ్లకు తీసుకెళ్లారు. చదువు నుంచి పరిశ్రమ పుట్టిన చరిత్రా ఇక్కడే ఉంది. 1926లో బందరులో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాల పరికరాలు తయారుచేసింది.

అందుకే కాలేజీ యాజమాన్యాన్ని మూడు విషయాలు కోరుతున్నాను. గ్రంథాలయంలో ఒక బల్లను సొంత వ్యాపారం పెట్టేవాళ్లకు కేటాయించండి. పేటెంట్లు, ప్రమాణాలు వెతకడంలో లైబ్రేరియన్‌కు శిక్షణ ఇప్పించండి. పాత విద్యార్థుల గ్రంథాలయ కార్డులు రద్దు చేయకండి. పట్టా చేతికొచ్చాకే అసలు ప్రశ్నలు మొదలవుతాయి.

విద్యార్థులారా, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. యంత్రం ఎంతకు కొన్నారో, సరుకు ఎవరికి అమ్మారో, ఎక్కడ నష్టపోయారో రాసి ఆ లెక్కల పుస్తకం ఒక ప్రతిని ఈ గ్రంథాలయానికి ఇవ్వండి. నష్టం రాయడానికి సిగ్గుపడకండి. మీ తర్వాత వచ్చే చెల్లెలో తమ్ముడో అది చదివి, మీరు ఆగిన చోటు నుంచి మొదలుపెడతారు.