పని, పొదుపు, కోలాటం – మా సంఘం అనుభవం
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ఇంటి పని, కూలి పని, సంఘం పని చేసుకుంటూ ఆటపాటలకు, స్నేహాలకు, సాయం కోసం డబ్బులు పోగు చెయ్యడానికి మీకు టయిము ఎట్లా దొరుకుతోందో చెప్పమని మమ్మల్ని పిలిచారు. నిజం చెప్పాలంటే దొరకదండీ. దొరక్కపోయినా ఎట్లా చేస్తున్నామో, ఎక్కడ తప్పు చేశామో చెబుతాం. మేము పదో తరగతి వరకే చదివాం. మాటల్లో తేడా వస్తే సర్దుకోండి.

మా సంఘంలో 12 మందిమి. మాది పల్నాడు వైపు మిర్చి పండే ఊరు. ఏడుగురు మిర్చి కోతకు, కళ్ళంలో తాలు ఏరడానికి పోతారు. ఇద్దరు మిషను కుడతారు. ఒకామెకు ఇడ్లీ బండి ఉంది. మిగిలిన ఇద్దరికీ గేదెలు. కోత రోజుల్లో తెల్లారుజామున నాలుగున్నరకు లేస్తేనే వంటయ్యేది. ఆరున్నరకు ఆటో వస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులకు కొబ్బరినూనె రాసుకున్నా మంట పోదు. ఆ చేతులతోనే మళ్ళీ అన్నం వండాలి, ఆ చేతులతోనే చంటిదానికి పెట్టాలి. కోత కోసేవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఆఫీసువాళ్ళ కోసం చెబుతున్నాం.

మా అమ్మలు ఈ సంఘాల్లో మొదటి తరం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచి నిలబడ్డాక, రోజుకో రూపాయి లెక్కన పొదుపు మొదలైంది. ఆ గాలి మా ఊరికీ వచ్చింది. అప్పట్లో మా అమ్మ మీటింగుకు పోతుంటే మా నాన్న "ఏంది, పేరంటమా?" అనేవాడు. నిజంగా పేరంటం లాగే ఉండేదంట. ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటూ, కందులు చెరుగుతూ లెక్కలు చెప్పుకునేవాళ్ళంట. మా తరానికి వచ్చేసరికి పుస్తకాలు బాగుపడ్డాయి, బ్యాంకు లింకేజీ వచ్చింది, స్త్రీనిధి వచ్చింది. మీటింగు మాత్రం అరగంటకు కుదించుకుపోయింది. డబ్బులు కట్టు, సంతకం పెట్టు, పో.

మా తప్పు ఇక్కడే మొదలైంది.

మూడేళ్ళ కిందట మా సభ్యురాలు ఒకామె వరసగా మూడు మీటింగులకు రాలేదు. పొదుపు డబ్బులు కూతురి చేత పంపించేది. రాకపోతే 10 రూపాయలు జరిమానా అని మా తీర్మానం. మూడుసార్లూ జరిమానా రాశాం. 30 రూపాయలు. ఆమె కూతురే తెచ్చి కట్టింది. "అమ్మేదే?" అని ఆ పిల్లను అడిగినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. ఆమె ఇల్లు మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతలే ఉంది.

ఆమె మొగుడికి రెండు కిడ్నీలూ పోయి, వారానికి మూడుసార్లు గుంటూరు తీసుకుపోయి డయాలసిస్ చేయిస్తోందంట. డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు, సర్కారు పథకంలో అవుతుంది. కానీ బస్సు ఖర్చు ఉంది, అక్కడ తిండి ఉంది, వారానికి ఇద్దరి కూలీ మూడు రోజులు పోతోంది. ఆమె అయిదు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చింది. సంఘంలో రూపాయి వడ్డీకి ఇచ్చే డబ్బు పెట్టుకుని! ఎందుకు అడగలేదంటే, "మీటింగుకే రానిదాన్ని, ఏం మొహం పెట్టుకుని అడిగేది" అన్నది. ఈ సంగతి మాకు ఎవరి వల్ల తెలిసిందనుకున్నారు? అప్పు ఇచ్చినాయన కళ్ళంలో మేస్త్రీతో చెబుతుంటే చెవిన పడింది.

ఆ 30 రూపాయలు తిరిగి ఇస్తామంటే ఆమె తీసుకోలేదు. "రూలు రూలే కదా" అన్నది. తిట్టినా బాగుండేది. ఈ కథ ఇక్కడ చెప్పడానికి ఆమెను అడిగే వచ్చాం. పేరు చెప్పొద్దన్నది.

ఆ ఏడు ధనుర్మాసంలో మా ఊళ్ళో ఒక పెద్దమ్మ, ఆమెకు అరవై దాటాయి, కోలాటం నేర్చుకుందాం రమ్మని అందరినీ పిలిచింది. పక్క ఊరి నుంచి మాస్టారు వచ్చేవాడు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, రామాలయం ముందు. మా సంఘంలో నలుగురు చర్చి బజారు వాళ్ళు. వాళ్ళు రాలేదు. రమ్మంటే నవ్వి ఊరుకున్నారు. పది రోజులు పోయాక పెద్దమ్మే అర్థం చేసుకుని, నేర్చుకునేది బడి ఆవరణలోకి మార్చింది. పండగ రోజు గుడి దగ్గర ఆడేవాళ్ళు ఆడతారు, లేనివాళ్ళు లేదు, నేర్చుకోవడం మాత్రం అందరం కలిసి అన్నది. ఆ నలుగురిలో ముగ్గురు వచ్చారు. సంఘంలో పదేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం గానీ, ఒకరింట్లో ఒకరం మంచినీళ్ళు తాగింది ఆ తర్వాతే.

ఇళ్ళల్లో మాటలు పడ్డాం. "పగలంతా నడుం నొప్పి అంటావు, రాత్రికి ఎగరడానికి ఓపిక ఎట్టా వస్తది?" అని మా అత్త అడిగింది. మా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఎట్టా వస్తదో తెలియదు. పొద్దుగూకులూ వంగి కాయ కోసిన నడుము, కోల పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే నిలబడుతుంది. ఇప్పుడు మా అత్త కూడా వచ్చి బడి మెట్ల మీద కూర్చుంటుంది. తప్పులు పట్టడానికి.

అసలు సంగతికి వస్తాం. కోలాటంలో ప్రతి మనిషికీ ఒక ఉద్ది ఉంటుంది. ఉద్ది అంటే జత. ఆమె కోలకు మన కోల తగలాలి. ఒకరు రాకపోతే ఉద్ది కోల గాలిలో పోతుంది, చుట్టు మొత్తం చెడిపోతుంది. కాబట్టి ఎవరు రాకపోయినా ఆట మొదలుపెట్టకముందే తెలుస్తుంది. ఒకరోజు ఇడ్లీ బండి ఆమె రాలేదు. ఆమె ఉద్ది ఊరుకోకుండా ఇంటికి పోయి చూసింది. జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. ఆ రాత్రే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. మూడు మీటింగులు పోయినా మనిషి ఏమైందో తెలుసుకోని మాకు, ఇక్కడ పది నిమిషాల్లో తెలిసింది. మనుషులం మేమే కదా, మారింది ఏమిటి అని చాలా రోజులు మాట్లాడుకున్నాం.

తర్వాత మేము చేసిన పని ఏమిటంటే, మీటింగుల్లో కూడా ఉద్దులు పెట్టుకున్నాం. 12 మందిమి, ఆరు జతలు. ఒకామె రాకపోతే ఆమె ఉద్ది ఇంటికి పోయి చూసి వచ్చాకనే పుస్తకంలో జరిమానా రాయాలి. ఇప్పటిదాకా ఇట్లా చూసి వచ్చాక జరిమానా రాసింది రెండేసార్లు. ఆ ఇద్దరూ సీరియల్ చూస్తూ దొరికారు.

ఇక డబ్బుల సంగతి. శ్రీరామనవమికి పందిట్లో ఆడితే కమిటీ వాళ్ళు 2,000 రూపాయలు తాంబూలంలో పెట్టి ఇచ్చారు. ఆ రాత్రి జరిగిన గొడవ బ్యాంకు అప్పు దగ్గర కూడా జరగలేదు. సగం మంది ఒకే రంగు చీరలు కొందామన్నారు. సగం మంది డయాలసిస్ ఇంటికి ఇద్దామన్నారు. చీరలన్న వాళ్ళను చెడ్డవాళ్ళనుకోకండి. జన్మలో మొదటిసారి ఆడి సంపాదించిన డబ్బు అది, ఒంటి మీద వేసుకోవాలని ఎవరికి ఉండదు? చివరికి ఆమెనే అడుగుదామని పోయాం. ఆమె చెప్పిన మాట మా కళ్ళు తెరిపించింది. "ఇస్తే తీసుకుంటా. కానీ నా పేరు మైకులో చెప్పి చందాలు అడగొద్దు. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, పిల్ల బడికి పోతంది" అన్నది.

అప్పటి నుంచి ఒక పాత నూనె డబ్బాకు మూతకు కన్నం కొట్టి పెట్టుకున్నాం. ఆపద డబ్బా అంటాం. ఎవరి కోసమో చెప్పం. ఆడినచోట ఇచ్చింది అందులో వేస్తాం. దాంతో పాటు ఇంటికి పిడికెడు బియ్యం, వారానికోసారి తీస్తాం. ఎవరికి ఇచ్చామో ముగ్గురికి మాత్రమే తెలుస్తుంది, లెక్క మాత్రం అందరికీ చదువుతాం. "ఈ నెల బస్సు ఖర్చులకు ఇంత, హాస్టలు పిల్ల దుప్పటికి ఇంత" అని, అంతే. చీరలు ఆ మరుసటి ఏడు మా సొంత డబ్బులతో కొనుక్కున్నాం. రంగు మీద మళ్ళీ గొడవే, అది వేరే కథ.

ఇంతవరకూ విని అంతా బాగుందనుకోవద్దు. పేరొచ్చేసరికి పక్క ఊళ్ళ వాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. జాతరలు, తిరునాళ్ళు, ఒకాయన గృహప్రవేశం కూడా. డబ్బా నిండుతుంది కదా అని ఎవరు పిలిచినా పోయాం. రాత్రి పదింటికి ఆటో ఎక్కి, ఒంటిగంటకు ఇల్లు చేరి, మళ్ళీ నాలుగున్నరకు లేవడం. అది కూడా కోతల్లో. రెండు నెలలు అట్లా తిరిగాం. మిషను కుట్టే చెల్లెలు నిద్రమత్తులో సూది వేలి మీదికి పోనిచ్చుకుంది. పరీక్షల రోజుల్లో పిల్లలను ఒంటరిగా వదిలేశామని ఇద్దరు మానేశారు. ఒకచోట ఇచ్చిన డబ్బులో 400 లెక్కకు రాలేదు. ఆటో కిరాయి ఇచ్చి రాసుకోలేదు, అంతే జరిగింది. కానీ అది తేలేలోపు ప్రాణస్నేహంగా ఉన్న ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఇప్పటికీ పూర్తిగా కలవలేదు.

అప్పుడు పెద్దమ్మ కోలలు తెచ్చి మా ముందు పెట్టి, "ఇది కూడా కూలే అయిందమ్మా. మేస్త్రీలు మీరే, అంతే తేడా. నేను రాను" అన్నది. ఎవరికోసం మొదలుపెట్టిందో ఆమే పోతే ఇక ఏముంది?

కూర్చుని తీర్మానం రాసుకున్నాం. జనవరి నుంచి మార్చి ఆఖరు దాకా, కోతల్లో, బయట ఆటలు లేవు, చందాలు లేవు. ఏడాదికి నాలుగుచోట్లకే పోతాం, ఎవరు ఎంత ఇస్తామన్నా. వారానికి రెండు రాత్రులు మాత్రం బళ్ళో ఆడుకుంటాం, అది మా కోసం, దానికి డబ్బాతో సంబంధం లేదు. డబ్బులు వచ్చిన రాత్రే, ఆటో దిగకముందే లెక్క రాయాలి. కోలాటానికి రాకపోతే జరిమానా లేదు. ఈ చివరిది రాసేటప్పుడు సభ్యులంతా లీడరు వంక చూశారు. చూడాల్సిందే.

నాలుగు చోట్లకు తగ్గించుకున్నాక డబ్బా కూడా తగ్గింది. ఇది దాచిపెట్టం. పోయిన ఏడు ఒకామె కూతురి ఆపరేషనుకు అడిగింది. డబ్బాలో ఉన్నది 1,800. అదే ఇచ్చాం. ఆమెకు కావలసిన దాంట్లో అది ఏ మూలకూ రాదు. "ఎగరడానికి తీరిక ఉంది, నాకు ఇంకో రెండు ఊళ్ళలో ఆడలేకపోయారా?" అన్నది. సంఘం నుంచి అప్పు రాసి ఇచ్చాం, పిల్ల బాగానే ఉంది. ఆ మాట మాత్రం మాలో ఉండిపోయింది. ఆడి ఉండాల్సిందా అని ఇప్పటికీ మాలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. లీడరుగా మా అభిప్రాయం, ఆడకపోవడమే మంచిదయింది. ఇంకో రెండు ఊళ్ళు తిరిగి ఉంటే ఈ ఏడు డబ్బా పట్టుకునేవాళ్ళే మిగిలేవాళ్ళు కాదు. కానీ ఆ తల్లి మొహం చూసి ఈ మాట చెప్పడం మా వల్ల కాలేదు.

పెద్దమ్మ తిరిగి వచ్చింది. డయాలసిస్ ఇంటి ఆమె సోమ, బుధ, శుక్రవారాలు గుంటూరులో ఉంటుంది, అందుకని మా ఆట మంగళవారం, ఆదివారం పెట్టుకున్నాం. ఆమె అలిసిపోయి ఉంటే ఆడదు, ఊరికే కూర్చుంటుంది. అప్పుడు ఆమె ఉద్ది కూడా ఆడకుండా పక్కనే కూర్చుంటుంది. చుట్టు సరిపోవాలి కదా, అందుకు.

సమాఖ్యకు మా మనవి రెండే. ఒకటి, జరిమానా రాసేముందు ఇంటికి పోయి చూసి రావాలన్నది అన్ని గ్రామ సంఘాల్లో చర్చకు పెట్టండి. రెండు, మా బడి ఆవరణలో లైటు పోయి నాలుగు నెలలయింది. పంచాయతీకి రెండుసార్లు అర్జీ ఇచ్చాం. సమాఖ్య నుంచి ఒక కాగితం పోతే పని అవుతుందని ఆశ. ప్రస్తుతానికి ఇడ్లీ బండి లైటు తెచ్చుకుని ఆడుకుంటున్నాం.