ఒకే పేరు, ఇద్దరు పెద్దలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలులో 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి డాక్టర్ అబ్దుల్ హక్ గారి పేరు పెట్టారు. ఆ పేరు వినగానే చాలామందికి 'బాబాయే ఉర్దూ' మౌల్వీ అబ్దుల్ హక్ గారే గుర్తొస్తారు. ఉపాధ్యాయుణ్ణై ఉండి నేనూ కొంతకాలం అలాగే పొరబడ్డాను.

వారిద్దరూ వేర్వేరు మనుషులు. మౌల్వీ గారిది ఉత్తరప్రదేశ్‌లోని హాపుర్ ప్రాంతం. అలీగఢ్‌లో చదివారు. 1917లో హైదరాబాద్‌లో ఏర్పడిన అనువాద సంస్థకు సారథ్యం వహించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగడానికి అక్కడ తయారైన పుస్తకాలే ఆధారం. ఆయన 1961లో కరాచీలో కన్నుమూశారు.

డాక్టర్ అబ్దుల్ హక్ గారు మన కర్నూలు మనిషి. మద్రాసులో కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. అక్కడా ఉస్మానియాయే, ఇక్కడా ఉస్మానియాయే! పేరు కలవడంతో ఒకరి శ్రమను మరొకరి ఖాతాలో వేస్తున్నాం.

దానివల్ల ఆ పెద్దలకు నష్టం లేదు. అల్లాహ్ దగ్గర లెక్క తప్పదు. తప్పేది మన దగ్గరే. ఒకసారి నా చేతిమీదుగానే తప్పింది.

నా తరగతిలో ఇద్దరు అమ్మాయిలుండేవారు. ఇద్దరి పేరూ ఒకటే, ఇద్దరి ఇంటిపేరూ షేకే. దర్జీ కూతురి కోసం ఒక దాత ఇచ్చిన ఫీజు రెండో అమ్మాయి పేరున జమైంది. జాబితా రాసింది నేనే. తండ్రి పేరు రాయలేదు. దర్జీ అభిమానస్తుడు, ఎవరినీ అడగలేదు. పిల్ల బడి మానేసింది. మూడు వారాల తర్వాత ఇంటికి వెళితే వాళ్లమ్మ, "మా బిడ్డకు రాలేదంట కదా సార్, పోనీలెండి" అంది. నాకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. తప్పు సరిదిద్దాం. అల్‌హమ్దులిల్లాహ్, ఆ అమ్మాయి పదో తరగతి పరీక్ష రాసింది. నేను వెళ్లకపోయి ఉంటే?

'హక్' అంటే సత్యం, హక్కు కూడా. మన తెలుగు 'హక్కు' ఆ మాట నుంచి వచ్చిందే. జకాత్ మనం చూపే దయ కాదు, మన సొమ్ములో పేదవారి హక్కు. అది అసలు మనిషికే చేరాలి.

అందుకని ఒక్క విన్నపం. ఈ ఏడాది నుంచి ప్రతి దరఖాస్తులో తల్లిదండ్రుల పేర్లు, వీధి, ఫోటో తప్పక ఉండాలి. సొమ్ము ఇచ్చే ముందు సభ్యుల్లో ఒకరు ఆ ఇంటికి వెళ్లి రావాలి. దాతలు కూడా ఏడాదికొకసారి, "మేము చదివిస్తున్న పిల్ల ఎలా ఉంది?" అని అడగండి. మీరు అడుగుతారని తెలిస్తే, జాబితా రాసే నాలాంటివాళ్లు జాగ్రత్తగా రాస్తారు.